నేను ఒప్పుకోని ద్వీపం

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న ద్వీపం చూపిస్తానని మాట ఇచ్చి, దివి చూపించాడు.

నాన్న రేపల్లెలో హైస్కూలు మాస్టారు. సోషలు చెప్పేవాడు. చరిత్ర తొందరతొందరగా ముగించి భూగోళానికి వచ్చేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయనమ్మ వండిపెట్టేది. ఇంట్లో ఆట వస్తువులంటూ ఏమీ లేవు గానీ, అట్ట ఊడిపోతే గుడ్డ వేసి కుట్టిన పెద్ద అట్లాసు ఒకటి ఉండేది. సాయంత్రాలు నాన్న దాన్ని చాప మీద పరిస్తే నేను బోర్లా పడుకుని చూసేదాన్ని. దేశాలు నాకు అక్కర్లేదు. నీలం మీద ఆవగింజల్లా చల్లి ఉన్న చుక్కలు కావాలి. అక్కడ మనుషులుంటారా, పాలు పోసేవాళ్లు వస్తారా, బడి ఉంటుందా అని అడిగేదాన్ని. "ఈ ఏడు క్లాసులో ఫస్టు రా, నిన్ను ద్వీపానికి తీసుకెళ్తా" అన్నాడు.

వచ్చాను.

వేసవి సెలవుల్లో జట్కాలో పెనుమూడి రేవుకి వెళ్లాం. నాయనమ్మ పులిహోర కట్టిచ్చింది. రేవులో పడవెక్కి కృష్ణ దాటాం. అవతల దివిసీమలో దిగి గట్టు మీద చాలాసేపు నడిచాం. అరటితోటలు, కోసేసిన చేలు, బురదలో పడుకున్న గేదెలు. ఒక పాకలో టీ కాస్తున్నారు. అక్కడి మనుషులు మా ఊరి మనుషుల్లాగే మాట్లాడుతున్నారు. నా చెప్పు తెగింది. చేతిలో పట్టుకుని నడుస్తున్నాను.

"నాన్నా, ద్వీపం ఎప్పుడొస్తుంది?"

"ఎప్పుడొస్తుందేంటి? వచ్చి గంటయింది. నువ్వు నిలబడింది దాని మీదే."

"ఇదా?"

"ఇదే. కృష్ణ ఇక్కడ రెండు పాయలైంది. అటో పాయ, ఇటో పాయ, కింద సముద్రం. చుట్టూ నీళ్లుంటే ఏమంటారు?"

"నీలంగా లేదుగా."

"ద్వీపానికి రంగుతో పనేంటి?"

నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను. పులిహోర తినలేదు. తిరిగి పడవెక్కేటప్పుడు కూడా అది ద్వీపమని ఒప్పుకోలేదు. "నువ్వు ఒప్పుకోకపోతే భూగోళం మారదే అమ్మా" అని నవ్వాడు. అంతటితో ఆగితే మర్చిపోయేదాన్నేమో. రెండేళ్ల తర్వాత నేను ఆయన క్లాసులోకి వచ్చాను. ద్వీపాల పాఠం రోజున, బోర్డు మీద వలయం గీసి, "మన క్లాసులోనే ఒకావిడ ఉంది. ద్వీపం మీద నిలబడి ద్వీపమేదీ అని ఏడ్చింది" అన్నాడు. నలభై మంది తిరిగి చూశారు. ఆ ఏడంతా మగపిల్లలు నన్ను 'ద్వీపం' అని పిలిచారు. ఇంటికొచ్చి చెబితే, "పాఠం వాళ్లకి గుర్తుండిపోతుంది, మంచిదేగా" అన్నాడు. నాకు కూడా గుర్తుండిపోయింది.

తర్వాత నేను తెనాలి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా చేరాను. చేరిన రోజున సర్వీసు పుస్తకంలో స్వస్థలం అన్న గడిలో నా చేత్తో రేపల్లె అని రాశాను. మూడేళ్లకి బాపట్ల సంబంధం కుదిరింది. మా ఆయన తెనాలిలోనే ఒక బియ్యం మిల్లులో మేనేజరు. అత్తగారు బాపట్లలో సొంత ఇంట్లో ఉండేది. పెళ్లైన నెలకి మా ఆయన ఆఫీసుకొచ్చి, హెడ్ క్లర్కుతో రెండు మాటలు మాట్లాడి, ఆ గడిలో రేపల్లె కొట్టేయించి బాపట్ల రాయించాడు. నేను అప్పుడు స్విచ్‌బోర్డు దగ్గర డ్యూటీలో ఉన్నాను. నాకూ వాళ్లకీ మధ్య ఒక చెక్క తలుపు అడ్డం, అంతే. అడిగితే హెడ్ క్లర్కు, "ఆడవాళ్లకి పెళ్లయ్యాక ఊరు మారుతుంది కదమ్మా, ఇందులో అడగడానికేముంది?" అన్నాడు. ఆ తర్వాత సర్కారు ఇచ్చే స్వస్థలం ప్రయాణాలన్నీ నాకు బాపట్లవే అయ్యాయి. సెలవు పెట్టి, సర్కారు టిక్కెట్టు మీద అత్తగారింటికి వెళ్లి, పప్పు రుబ్బి వచ్చేదాన్ని. సాయంత్రం తీరిక ఉంటే సూర్యలంక వెళ్లేవాళ్లం. ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూసి, మళ్లీ వచ్చి రాత్రి వంట మొదలుపెట్టేదాన్ని.

డెబ్భైల నడుమ ఒక ఏడు సర్క్యులరు వచ్చింది. నాలుగేళ్లకి ఒక్కసారి స్వస్థలానికి బదులు దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు. కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చు. ఎక్కడికో ముందే రాసివ్వాలి. మిగతా ఆపరేటర్లు ఢిల్లీ అన్నారు, కాశీ అన్నారు. నేను ఆ కాగితం చదువుతుండగానే ద్వీపం అనుకున్నాను. సముద్రం మధ్యలో ఉన్న ద్వీపం. నాన్నని తీసుకెళ్లి, ద్వీపమంటే ఇదీ అని చూపించాలి.

దానికి ఎక్కువ సమయం లేదు. నాన్న అప్పటికి రిటైరై రెండేళ్లయింది. కళ్లు పోతున్నాయి. పొర కాదు, లోపలి నరం ఎండిపోతోందన్నారు. ఆపరేషను లేదు. చుక్కలు వేసుకుంటూ ఉన్నన్నాళ్లు చూడటమే. "పక్కలు పోయాయి, నడిమి మిగిలింది" అనేవాడు నాన్న. "గొట్టంలోంచి చూసినట్టుంది. ఎదురుగా ఉన్నది బానే కనపడుతుంది." ఇంకో ఏడాది కనపడొచ్చని తెనాలి డాక్టరు చెప్పాడు.

ఆ డాక్టరు పాత రోగుల్ని గురువారాలు చూసేవాడు. నాన్న రేపల్లె బండిలో వచ్చేవాడు. నేను వారం సెలవు గురువారానికి మార్పించుకుని స్టేషనుకెళ్లేదాన్ని. డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక తిరుగు బండి దాకా ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చునేవాళ్లం. మా ఇల్లు స్టేషనుకి పది నిమిషాల నడక. కానీ నాన్న మా ఇంటికి రాడు. కన్యాదానం చేసిన తండ్రి, కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకూడదు. అందరూ అంత పట్టింపుగా ఉండరు. నాన్న ఉండేవాడు. పెళ్లై నాలుగేళ్లయినా నాకు పిల్లల్లేరు. నాలుగేళ్లుగా మా నాన్న మా గడప తొక్కలేదు.

ఒకసారి కారియర్లో ఇడ్లీ పట్టుకెళ్లాను.

"ఇది స్టేషను నాన్నా. మా ఇల్లు కాదుగా."

"వండింది మీ ఇంట్లోనేగా."

"మరి ఈ టీ?"

"టీ స్టాలువాడు నాకు అల్లుడా ఏంటి?"

ఆ ఇడ్లీ నేనే తిన్నాను. ఆయన పక్కన కూర్చుని చూశాడు.

ఆ బెంచీ మీదే ద్వీపాన్ని ఎంచుకున్నాం. నాన్న అట్లాసు సంచిలో పెట్టుకుని తెచ్చేవాడు. పేజీని ముక్కుకి జానెడు దూరంలో ఎదురుగా పెట్టుకుని చూసేవాడు. నేను లక్షదీవులన్నాను. ఆయన అట్లాసులో లక్కదీవులని ఉండేది, ఆయనా అలాగే అనేవాడు.

"లక్కదీవులు పగడపు దిబ్బలే. నీళ్ల మీద చాప పరిచినట్టుంటాయి. ఎత్తు లేదు. దగ్గరికెళ్లేదాకా కనపడవు."

"నీళ్లు తేటగా ఉంటాయట. అడుగున చేపలు కనపడతాయట."

"నీకు కనపడతాయి. నాకు చేప కనపడాలంటే దాన్ని గొట్టం ఎదురుగా తెచ్చి నిలబెట్టాలి. పైగా అక్కడికెళ్లడానికి పర్మిషన్ కావాలి. ఎవరు తిరుగుతారు?"

"సరే, అండమాన్లు."

"అవి వేరు. నీళ్లలో మునిగిపోయిన కొండల వరస. శిఖరాలే పైన మిగిలాయి. కొండంత పచ్చదనం, దాని కిందే నీలం. దూరం నుంచే కనపడుతుంది." అట్లాసు దించి నా వైపు తిరిగాడు. నేను ఎదురుగా ఉండాలని తల పూర్తిగా తిప్పేవాడు. "అంత పెద్దదైతే నాక్కూడా దొరుకుతుంది."

దాంతో అండమాన్లు ఖాయమయ్యాయి. మద్రాసు నుంచి ఓడ. మద్రాసు ట్రంకు బోర్డులో ఒకమ్మాయి ఉండేది, మొహం ఎరగను, గొంతు ఎరుగుదును. ఆమెను అడిగితే ఓడ కంపెనీకి ఫోను చేసి, ఓడ బయల్దేరే రోజులు కనుక్కుని నాకు చదివి వినిపించింది. లైను మీద సొంత మాటలు మాట్లాడినందుకు సూపర్వైజరు నాకు మెమో ఇచ్చాడు. పక్క బోర్డు ఆమె రోజూ మేనమామతో అరగంట మాట్లాడేది, ఆమెకి ఎప్పుడూ ఇవ్వలేదు. ఇదేం న్యాయమని రాతపూర్వకంగా అడిగాను. జవాబు రాలేదు.

ఓడ విషయం నాన్నకి చెబితే, "మూడు రాత్రుళ్లు సముద్రం మీదేనా?" అని రెండుసార్లు అడిగాడు. మరుసటి గురువారానికి ఉన్ని మఫ్లరు బయటికి తీశానని చెప్పాడు. మే నెలలో మఫ్లరు ఎందుకంటే, ఓడ పైన గాలుంటుందన్నాడు. ఆయన సంతోషంగా ఉండటం చూసి నాకు కొంచెం కోపమొచ్చింది. తొమ్మిదేళ్లప్పుడు నేనూ అలాగే ఉన్నాను.

ఇంట్లో మా ఆయనకి చెప్పాను. ఆయన కాదనలేదు. "వెళ్దాంలే, ఫారం తెచ్చిపెట్టు" అన్నాడు.

ఫారం తీసుకుని హెడ్ క్లర్కు దగ్గరకెళ్తే, కుటుంబం కింద నాన్న పేరు చూసి కళ్లజోడు పైకి తోశాడు.

"తండ్రిగారిని రాయొచ్చమ్మా. కానీ ఆయన మీ దగ్గరే ఉంటూ, పూర్తిగా మీ మీద ఆధారపడి ఉండాలి. ఆ సంగతి ఆయనే డిక్లరేషన్ రాసివ్వాలి. దాని మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండాలి."

"ఆయన రేపల్లెలో ఉంటారండి."

"ఉంటే ఉండనీయండి. కాగితం మీద మీ దగ్గర ఉంటున్నట్టు రాస్తే చాలు. అందరూ చేసేదే."

ఆ గురువారం డిక్లరేషన్ కాగితం నాన్నకి చదివి వినిపించాను. ఇంగ్లీషులో ఉంది. ఆయనకి నాకంటే బాగా ఇంగ్లీషు వచ్చు. అయినా నన్ను తెలుగులో చెప్పమన్నాడు.

"నేను నా కుమార్తె ఇంట నివసిస్తూ, పోషణకి పూర్తిగా ఆమె మీదే ఆధారపడి ఉన్నానని..."

"ఆగు."

ఆగాను.

"మీ ఇంట్లో మంచినీళ్లు తాగనివాణ్ణి. మీ ఇంట్లో తిని బతుకుతున్నానని రాయమంటావా?"

"కాగితం మీదే నాన్నా. ఎవరు చూస్తారు?"

"సంతకం పెట్టేది నేను. నేను చూస్తాను."

"అందరూ ఇలాగే రాస్తున్నారట."

"ముప్పై ఏళ్లు పిల్లలకి తప్పు రాస్తే కొట్టేశాను. ఇప్పుడు నన్ను రాయమంటున్నావా?"

మా ఎదురుగా రేపల్లె బండి ఇంజను నీళ్లు పట్టుకుంటోంది. నాకు ఏడుపు రాలేదు.

"దివిని చూపించి ద్వీపమన్న రోజున ఈ పట్టింపు ఏమైంది?" అన్నాను.

నాన్న తల మొత్తం తిప్పి నన్ను తన చూపు ఎదురుగా తెచ్చుకున్నాడు.

"దివి ద్వీపమే."

నేను కాగితం ఆయన అట్లాసు మీద పడేసి లేచి వచ్చేశాను. బండి దాకా ఉండలేదు. ఆయన్ని పెట్టె దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది నేనే. ఆ రోజు ఎవరు ఎక్కించారో తెలీదు. మరుసటి వారం నా సెలవు గురువారం నుంచి మంగళవారానికి మార్పించుకున్నాను. ఆయన ఎప్పుడూ ఎక్స్‌ఛేంజీకి ఫోను చేసి ఎరగడు. నేను ఉత్తరం రాయలేదు. తప్పు ఆయనది, ఆయనే రావాలి అనుకున్నాను. మా ఇంటికి రాడని తెలుసు. తెలిసే అనుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఫారం అలమరలో చీర మడత కింద ఉంది. ఎక్కడికి అన్న గడి ఖాళీ. అత్తగారు బాపట్ల నుంచి వచ్చింది. పప్పు ఏరుతూ అడిగింది.

"ఏమ్మాయ్, మీ నాన్న వస్తున్నాడా లేదా ఆ ఓడకి?"

"రారండి."

"మరింకేం? రామేశ్వరం వేసెయ్. నాలుగేళ్లయింది. ఇంకెన్నాళ్లు చూస్తాం? అక్కడ స్నానాలు చేసి నాగప్రతిష్ఠ చేయిస్తే పుట్టినవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. నా టిక్కెట్టు నా కొడుకు పెట్టుకుంటాడు."

నేను ఏరిన పప్పు డబ్బాలో పోస్తున్నాను.

"నా కోసం అంటున్నానా? నీకో బిడ్డ పుడితే మీ నాన్న ఆ స్టేషను బెంచీ మీద కూర్చోవాల్సిన పనేముంది? దర్జాగా ఇంట్లోకొచ్చి పీట మీద కూర్చుని తింటాడు. ఆయన కళ్లుండగా తినాలి కదమ్మా, ఏం తింటున్నాడో చూసుకుంటా."

ఇన్నేళ్లలో అత్తగారు నన్ను అన్న మాటలు చాలా ఉన్నాయి. అన్నీ తేదీలతో సహా గుర్తున్నాయి. కానీ ఆ రోజు ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అది కూడా నాకు నచ్చలేదు.

సాయంత్రం మా ఆయన ఫారం ముందు పెట్టుకుని పెన్ను మూత తీశాడు. "రామేశ్వరం రాసేదా? అదీ ద్వీపమేగా. వంతెన దాటి వెళ్లాలి. చుట్టూ సముద్రమే. నీ కోరికా తీరుతుంది, అమ్మ కోరికా తీరుతుంది."

చుట్టూ నీళ్లుంటే ఏమంటారు? అదే మాట. మనిషే వేరు.

"రాయండి" అన్నాను. నాన్నకి తెలియాలని అన్నాను. నువ్వు సంతకం పెట్టకపోయినా నేను ద్వీపానికి వెళ్లాను అని చెప్పాలి. అంతకంటే ఏమీ ఆలోచించలేదు.

రామేశ్వరం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వంతెన మీద రైలు మెల్లగా పోయింది. అత్తగారు కళ్లు మూసుకుని కూర్చుంది. మా ఆయన నా భుజం తట్టి, "చూడు, చూడు" అన్నాడు. కిటికీలోంచి చూశాను. నీళ్లు ఒకచోట పచ్చగా, ఒకచోట నీలంగా ఉన్నాయి, మధ్యలో గీత గీసినట్టు. అట్లాసు రంగే. అది చూడగానే ఏదో అవుతుందని చిన్నప్పటి నుంచి అనుకున్నాను. ఏమీ కాలేదు. రైలు దాటింది. గుళ్లో ఇరవై రెండు బావుల నీళ్లు నెత్తిన పోయించుకున్నాం. తడిచీరతో ఒక బావి నుంచి ఇంకో బావికి వరసలో నడిచాను. ఒక్కో బావి నీళ్లు ఒక్కో రుచి అని ఎవరో అంటున్నారు. నాకన్నీ ఒకేలా ఉన్నాయి. నాగప్రతిష్ఠ చేయించారు. ధనుష్కోటిలో కూడా మునగాలని అత్తగారు పట్టుబట్టింది. ఆ ఊరు తుఫానులో కొట్టుకుపోయిందని, ఇప్పుడక్కడ ఇసకే ఉందని పురోహితుడు చెప్పాడు. "ఇసకైనా చూపించండి" అంది. జీపులో వెళ్లి ఇసక చూసొచ్చాం.

బయల్దేరేటప్పుడు అత్తగారు ఒక సీసాలో తీర్థం పోసి మూత బిగించి ఇచ్చింది. "మీ నాన్నకివ్వు. తీర్థానికి పట్టింపు లేదని నే చెప్పానని చెప్పు."

రేపల్లె వెళ్లేసరికి జూన్ వచ్చేసింది. నాన్న వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. నేను గేటు తీస్తే తల అటూ ఇటూ తిప్పి వెతుక్కున్నాడు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. అప్పటికీ చూపు నా మీద ఆగలేదు. "నేను నాన్నా" అన్నాను.

"గొంతు గుర్తుపట్టానులే. రా."

సీసా చేతికిచ్చి అత్తగారి మాట చెప్పాను. నవ్వి, మూత తీసి, రెండు చుక్కలు కళ్లకి అద్దుకున్నాడు. రామేశ్వరం ఎలా ఉందని అడిగాడు. బావుంది అన్నాను. నీళ్ల రంగు అడిగాడు. చెప్పాను. "గీత గీసినట్టా?" అన్నాడు. అవునన్నాను. అక్కడ లోతు మారుతుంది, అందుకని, అన్నాడు.

"అట్లాసులో ఆ పేజీ తీయి. ఎక్కడిదాకా వెళ్లారో వేలు పెట్టి చూపించు."

గూట్లోంచి అట్లాసు తీశాను. అది తనంతట తనే అండమాన్ల పేజీ దగ్గర తెరుచుకుంది. మధ్యలో మడిచిన కాగితం ఉంది. నేను బెంచీ దగ్గర పడేసి వచ్చిన డిక్లరేషన్. కింద నాన్న సంతకం. గీత మీద మొదలై, మెల్లగా కిందికి జారి, అచ్చు అక్షరాల మీదుగా పోయింది. పక్కన గెజిటెడ్ ఆఫీసరు చోట ఆయన పాత హెడ్మాస్టరు సంతకం, ముద్ర. అంటే నాన్న ఆ హెడ్మాస్టరు ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని, కూతురింట్లో తిని బతుకుతున్నానన్న కాగితం చేతికిచ్చాడన్నమాట.

"ఇదెప్పుడు పెట్టావు?"

"నువ్వు వెళ్లిపోయిన వారానికే."

"మరి నాకెందుకివ్వలేదు?"

"మూడు గురువారాలు తెచ్చాను. బెంచీ మీదే ఉన్నాను, బండి దాకా. నువ్వు రాలేదు."

"పోస్టులో వేయొచ్చుగా."

"అలాంటి కాగితాన్నా?"

"ఇంటికి రావచ్చుగా. పది నిమిషాల నడక."

"వస్తే మంచినీళ్లిస్తావు."

"వద్దంటే సరిపోయేదిగా."

"వద్దంటే నీ మొగం చూడాలి కదే. అప్పుడింకా కనపడుతూనే ఉందిగా."

నేను కాగితాన్ని మళ్లీ అవే మడతల్లో పెట్టాను. ఏం చేయాలో తోచక లేచి కాఫీ పెట్టాను. రేపల్లెలో నేను పెట్టిన కాఫీ ఆయన తాగుతాడు. అది ఆయన ఇల్లు.

ఆఫీసుకి వెళ్లి అడిగితే, నాలుగేళ్లకి ఒక్కటే, మీది రామేశ్వరంతో అయిపోయిందమ్మా అన్నారు. అర్జీ పెట్టాను. తిరగ్గొట్టారు. పైవాళ్లకి ఇంకొకటి పెట్టాను. నియమాలు చదివి చెప్పారు. మూడోదానికి జవాబే లేదు. నకళ్లు నా దగ్గరున్నాయి. సొంతంగా వెళ్లాలంటే మా తాహతుకి ఓడ అందదు. అందే రోజు వచ్చేసరికి ఆయనకి చూపించేదేమీ ఉండదు.

దసరా సెలవులు దాటాక రేపల్లె వెళ్లినప్పుడు నాన్నే అడిగాడు, పెనుమూడి రేవుకి తీసుకెళ్లమని. అప్పటికి కళ్లకి వెలుతురు, చీకటి తప్ప ఏమీ తెలియడం లేదు. రిక్షాలో వెళ్లాం. పడవ పాతదే కావచ్చు, పడవవాడు వేరే. నాన్నని మధ్యలో కూర్చోపెట్టాను. నది నిండుగా ఉంది. సగం దూరం వచ్చాక నాన్న గొంతు సవరించుకున్నాడు.

"మంచినీళ్లున్నాయా?"

నా సంచిలో మరచెంబు ఉంది. తెనాలిలో బయల్దేరేటప్పుడు నింపుకున్నది, రేపల్లెలో మార్చలేదు. మూత తీసి చేతికిచ్చాను. నోటిదాకా ఎత్తి ఆగాడు.

"ఎక్కడివి?"

రేవు దగ్గర పట్టానంటే సరిపోయేది. ఆయన చూడలేడు. పడవలో ఎవరూ ఏమీ అనరు.

"మా ఇంట్లోవి" అన్నాను.

మరచెంబు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పడవ పోతోంది. తర్వాత ఒళ్లో తడుముకుని మూత కోసం వెతికాడు. ఇచ్చాను. బిగించి నాకు తిరిగి ఇచ్చేశాడు. చేతి మీద పడిన చుక్కల్ని పంచెకి తుడుచుకున్నాడు.

రేవులో ప్రవాహానికి ఎదురు పెట్టడానికి పడవవాడు పడవని తిప్పాడు. అడుగు ఇసకకి రాసుకుంది.

"ద్వీపం వచ్చిందా?" అన్నాడు నాన్న.

"అవతలి ఒడ్డు వచ్చింది" అన్నాను.

నాన్న నా ముంజేయి పట్టుకుని దిగాడు. గట్టెక్కాక ఊపిరి తీసుకోవడానికి ఆగాం. అరటితోటలు ఇంకా ఉన్నాయి. టీ పాక ఉన్నచోట పెంకుటిల్లు వచ్చింది. నాన్న కర్రని చంకలో పెట్టుకుని, కుడిచెయ్యి చాచాడు, క్లాసులో పటం మీద చూపించేటప్పటి లాగే, వేళ్లన్నీ దగ్గరికి చేర్చి.

"అదుగో, అటు దక్షిణం. ఇలా తిన్నగా వెళ్తే సముద్రం. ఇంకా అలాగే కిందికి, కిందికి, తూర్పుకి తిరిగితే నీ అండమాన్లు."

పడవ తిరిగినప్పుడు ఆయన దిక్కు తప్పాడు. ఆయన చెయ్యి ఉత్తరానికి ఉంది. నది వచ్చే వైపుకి. అటు చెరకు చేలు, దూరంగా ఏదో ఊరి కొబ్బరిచెట్లు ఉన్నాయి.

చెయ్యి దించేదాకా పక్కన నిలబడ్డాను. సరిచేయలేదు.